పది పూర్తయ్యాక కంప్యూటర్ సైన్స్‌ను ఇప్పుడే సబ్జెక్టుగా తీసుకోవాలా, ఎంపీసీ చదివి బీటెక్ దాకా ఆగాలా?

గుండ్లకమ్మ ఒడ్డు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది అద్దంకి దగ్గర పల్లె. మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి మంచి మార్కులతో పూర్తిచేసింది. లెక్కలంటే ఇష్టమున్న పిల్ల. వాళ్ల పాఠశాలలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉండడం వల్ల తొమ్మిదో తరగతి నుంచే చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం అలవాటైంది. ముందు ముందు కంప్యూటర్ సైన్సే చదువుతానని పట్టుదలగా ఉంది. నేను చదివింది వాణిజ్యశాస్త్రం కాబట్టి, ఈ విషయంలో తెలిసినవారిని అడిగి నిర్ణయించుకోవడమే మేలని ఇక్కడ రాస్తున్నాను.

మా ముందు నాలుగు దారులున్నాయి. మొదటిది కార్పొరేట్ జూనియర్ కళాశాలలో ఎంపీసీ. అక్కడి నుంచి ఇంటికి వచ్చిన ప్రతినిధి, ఇంటర్‌లో కంప్యూటర్ సబ్జెక్టే ఉండదని, అదంతా బీటెక్‌లో మొదటి నుంచి చెబుతారని, ఇప్పుడు దాని మీద పెట్టే ప్రతి గంటా ర్యాంకులోంచి పోతుందని గట్టిగా చెప్పారు. రెండోది ఒంగోలులోని ఒక సీబీఎస్ఈ పాఠశాల. అక్కడ ఇంగ్లిష్, గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు ఐదో సబ్జెక్టుగా కంప్యూటర్ సైన్స్ ఇస్తున్నారు. మూడోది ఆర్జీయూకేటీ, అంటే మనవాళ్లు ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునే ఆరేళ్ల చదువు. నాలుగోది పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా.

నేను తెలుసుకోదలచినవి మూడు విషయాలు. పదకొండు, పన్నెండు తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ చదివిన పిల్లలకు దానివల్ల నిజంగా ఒరిగేదేమిటి? అది తీసుకుంటే ఈఏపీసెట్, జేఈఈలకు నష్టం జరుగుతుందా? ఒకవేళ ఎంపీసీలోనే చేర్పిస్తే, ఆ రెండేళ్లూ పిల్లకున్న ఆసక్తి ఆరిపోకుండా చూసుకునే మార్గం ఏదైనా ఉందా? అనుభవమున్నవారు తమ అభిప్రాయం చెప్పగలరని ఆశిస్తున్నాను.

నల్లబల్ల (జవాబు):

గుండ్లకమ్మ గారూ, నేను సీబీఎస్ఈ పాఠశాలలో పదకొండు, పన్నెండు తరగతులకు ఈ సబ్జెక్టే బోధిస్తున్నాను. కాబట్టి నాకు దీనిమీద మమకారం ఎక్కువే, ఆ సంగతి దృష్టిలో ఉంచుకునే నా మాటలు చదవండి.

సీబీఎస్ఈలో కంప్యూటర్ సైన్స్ సంకేత సంఖ్య 083. రాత పరీక్షకు 70 మార్కులు, ప్రయోగ పరీక్షకు 30 మార్కులు. కొన్నేళ్ల క్రితం వరకు సీ ప్లస్ ప్లస్ భాషలో చెప్పేవాళ్లం, ఇప్పుడు పూర్తిగా పైథాన్. పదకొండులో కంప్యూటర్ నిర్మాణం, సంఖ్యా పద్ధతులు, అక్షరాలను అంకెలుగా ఎలా దాస్తారన్నది, ఆ తర్వాత పైథాన్‌లో షరతులు, లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశాలు), స్ట్రింగులు, లిస్టులు, డిక్షనరీలు వస్తాయి. పన్నెండులో ఫంక్షన్లు, ఫైళ్లు, స్టాక్, డేటాబేస్, దాన్నుంచి సమాచారం రాబట్టే భాష ఎస్‌క్యూఎల్, నెట్‌వర్కులు ఉంటాయి. పన్నెండో తరగతి 70 రాత మార్కుల్లో 40 ప్రోగ్రామింగ్‌వే, 20 డేటాబేస్‌వి, 10 నెట్‌వర్కులవి. చూడ్డానికి చిన్న జాబితాగా కనిపించినా, దీన్ని శ్రద్ధగా చదివిన పిల్లల ఆలోచనలో వచ్చే మార్పు చిన్నది కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. సంకేత పద్ధతుల పాఠం వచ్చినప్పుడు పిల్లల చేత పైథాన్‌లో ‘తెలుగు’ అనే మాట పొడవు ఎంతో అడిగించే ప్రోగ్రాము రాయిస్తాను. మూడక్షరాల మాట కాబట్టి 3 వస్తుందని అందరూ అనుకుంటారు, కాని తెర మీద 6 కనిపిస్తుంది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. అప్పుడు యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల పట్టిక తెరిచి చూపిస్తాను. తకారం ఒకటి, ఎత్వం ఒకటి, లకారం ఒకటి, కొమ్ము ఒకటి, గకారం ఒకటి, మళ్లీ కొమ్ము ఒకటి, మొత్తం ఆరు. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరానికి నాలుగు సంకేతాలు కావాలి: శకారం, పొల్లు, రకారం, ఈత్వం. అదే మాటను యూటీఎఫ్–8 పద్ధతిలో ఫైలులో రాస్తే ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడుతుంది కాబట్టి ‘తెలుగు’ 18 బైట్లు ఆక్రమిస్తుంది. ఆ రోజు నుంచి, మన కళ్లకు కనిపించేదీ యంత్రం లోపల ఉండేదీ ఒకటి కావన్న సంగతి ఆ పిల్లలు మరచిపోరు. ఆ తర్వాత 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 ఎందుకు వచ్చిందని వాళ్లంతట వాళ్లే అడుగుతారు. పదిలో ఒకటో వంతును రెండు ఆధారంగా ఉన్న సంఖ్యా పద్ధతిలో ముగింపు ఉన్న భిన్నంగా రాయలేమని తెలిసినప్పుడు, గణితం పుస్తకంలో చదువుకున్న ఆవృత దశాంశాలు మళ్లీ గుర్తుకు వస్తాయి.

అందుకే ఈ సబ్జెక్టు విలువ ఉద్యోగంలోనో, మార్కుల్లోనో మాత్రమే లేదని నా నమ్మకం. ఫిజిక్స్‌లో పిల్లవాడు లెక్క తప్పు చేస్తే ఉపాధ్యాయుడు దిద్ది ఇచ్చేదాకా ఆ సంగతి తెలియదు. ప్రోగ్రాము రాసినప్పుడు తన ఆలోచనలో లోపం ఎక్కడుందో ఆ క్షణమే బయటపడుతుంది, దాన్ని వెతికి సరిదిద్దుకోవలసిన బాధ్యత కూడా తనదే అవుతుంది. పదహారేళ్ల వయసులో ఈ అలవాటు పడితే అది ఏ చదువుకైనా పనికొస్తుంది.

ఇక ప్రవేశ పరీక్షల సంగతి. జేఈఈ మెయిన్‌లోనూ ఈఏపీసెట్‌లోనూ కంప్యూటర్ సైన్స్ ప్రశ్నలు ఉండవన్నది నిజం. అయితే ఎన్ఐటీల ప్రవేశానికి పన్నెండో తరగతిలో 75 శాతం మార్కులుగాని, బోర్డులో తొలి 20 పర్సంటైల్‌లో చోటుగాని ఉండాలన్న నిబంధన ఉంది కదా, దానికి లెక్కించే ఐదు సబ్జెక్టుల్లో ఐదోదిగా కంప్యూటర్ సైన్స్ పనికొస్తుంది. శ్రద్ధగా చదివినవారికి ఇందులో 90 దాటడం కష్టం కాదు. వారానికి ఐదారు పీరియడ్లు, ఇంట్లో రెండు మూడు గంటలు చాలు. ఆ సమయం గణితానికి శత్రువు కాదు.

గుంటూరు అధ్యాపకుడు (జవాబు):

నల్లబల్ల గారు చెప్పినదానిలో చాలా భాగంతో ఏకీభవిస్తూనే, ఇంజనీరింగ్ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు సీ భాష చెప్పే నేను రెండో వైపు కూడా మీ ముందు పెట్టాలనుకుంటున్నాను.

ముందుగా అంకెలు. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలుంటే అందులో 80 గణితం, 40 ఫిజిక్స్, 40 కెమిస్ట్రీ. అంటే సగం పరీక్ష గణితమే. మన రాష్ట్రంలో మంచి కళాశాలలో కంప్యూటర్ సైన్స్ సీటు కావాలంటే ర్యాంకు బాగా ముందుండాలి కాబట్టి, గణితానికి అన్యాయం జరిగే ఏ ఏర్పాటూ మీ అమ్మాయి కోరికకు మేలు చేయదు. ఆ ప్రతినిధి చెప్పిన మాటలో ఇంతవరకు వాస్తవముంది.

ఆయన చెప్పని వాస్తవం మరొకటి ఉంది. అంతా మొదటి నుంచి చెబుతారన్నది కాగితం మీద నిజమే. మొదటి సెమిస్టర్‌లో వేరియబుల్ అంటే ఏమిటన్న దగ్గరే మేము మొదలుపెడతాం. కాని తరగతిలో సగంమందికి అది తెలిసిన విషయమైనప్పుడు పాఠం వేగం తెలియకుండానే పెరుగుతుంది. ఎంపీసీలో 950 దాటి తెచ్చుకున్న పిల్లలు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, పక్కవాళ్లు టకటకా టైపు చేస్తుంటే చూసి, తమకు ఈ విద్య అబ్బదేమోనని మొదటి నెలలోనే అనుమానపడడం నేను ఏటా గమనిస్తూనే ఉన్నాను. అది తెలివి తక్కువై కాదు, కీబోర్డు ముందు కూర్చున్న గంటలు తక్కువై మాత్రమే. గణితం గట్టిగా ఉన్నవాళ్లు రెండో సెమిస్టర్‌కల్లా అందుకుంటారు, చాలాసార్లు దాటిపోతారు కూడా. మధ్యలో ఆ కొన్ని నెలలు తట్టుకోవడమే కష్టం. కొందరు ఆ సమయంలోనే ప్రోగ్రామింగ్ మీద మనసు విరిచేసుకుని, నాలుగేళ్లూ ఇతరుల రికార్డులు చూసి రాయడానికి అలవాటుపడిపోతారు.

ఇక 083 చదివి వచ్చినవారంతా గట్టివాళ్లని అనుకోవద్దు. ప్రయోగ పరీక్ష 30 మార్కుల్లో 12 ల్యాబ్ పరీక్షకు, 7 రికార్డుకు, 8 ప్రాజెక్టుకు, 3 మౌఖిక పరీక్షకు ఇస్తారు. ఉపాధ్యాయుడు గట్టివాడు కాకపోతే రికార్డు, ప్రాజెక్టు రెండూ ఎక్కడినుంచో తెచ్చి అతికించినవే అవుతాయి. ప్రధాన సంఖ్యలు ముద్రించే ప్రోగ్రామును తడుముకోకుండా రాసే విద్యార్థి, అదే ప్రోగ్రాములో వంద కన్న చిన్నవైన ప్రధాన సంఖ్యల మొత్తం కనుక్కోమన్నప్పుడు చేతులెత్తేస్తే, అతను చదివింది కంప్యూటర్ సైన్స్ కాదు, కంఠస్థం చేసిన పద్యం. కాబట్టి ఆ సీబీఎస్ఈ పాఠశాలలో ఈ సబ్జెక్టుకు సొంత అధ్యాపకులు ఉన్నారా, పిల్లలకు ఒక్కొక్కరికి ఒక్కో కంప్యూటర్ దొరుకుతుందా, గణితం ఎవరు చెబుతారు అన్న మూడు సంగతులు విచారించకుండా చేర్పించకండి. గణితం బలహీనంగా ఉండి కంప్యూటర్ ల్యాబ్ తళతళలాడే పాఠశాల కంటే, గణితం గట్టిగా చెప్పే ఎంపీసీ కళాశాలే మీ అమ్మాయికి మంచిది.

గణితం గురించి ఇంతగా చెప్పడానికి ర్యాంకు ఒక్కటే కారణం కాదు. గణితానుగమనం అర్థమైన విద్యార్థికి, తనను తాను పిలుచుకునే ఫంక్షన్ ఎందుకు సరిగ్గా పనిచేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. మాత్రికల గుణకారం చేతితో చేసినవారికి లూపులో లూపు ఎందుకు వస్తుందో, అందులో మరో లూపు ఎందుకు కావాలో తెలుస్తుంది. ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత ఇవన్నీ బీటెక్ రెండో సంవత్సరంలో డిస్క్రీట్ గణితం పేరుతో తిరిగి వచ్చేవే. ఎంపీసీలో కంప్యూటర్ అనే పేరుతో సబ్జెక్టు లేదు కాని, కంప్యూటర్ సైన్స్ పునాది మాత్రం అందులో ఉంది. దాన్ని ఎవరూ పిల్లలకు ఆ కోణంలో చూపించకపోవడమే మన ఇంటర్ చదువులోని లోటు.

నూజివీడు పూర్వ విద్యార్థి (జవాబు):

ఆర్జీయూకేటీ గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2008లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయానికి ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళాల్లో ప్రాంగణాలున్నాయి. తెలంగాణలోని బాసర ప్రాంగణం రాష్ట్ర విభజన తర్వాత వేరే విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశం ఇస్తారు, ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు కొంత అదనపు ప్రాధాన్యం ఉంటుంది. మొదటి రెండేళ్లు పీయూసీ, ఆ తర్వాత నాలుగేళ్లు బీటెక్.

పీయూసీలో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్, తెలుగులతో పాటు ఐటీ కూడా ఒక సబ్జెక్టే. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్‌కు సమానమైన చదువులో, పల్లెటూరి ప్రభుత్వ బడి నుంచి వచ్చిన పిల్లలకు కంప్యూటర్‌ను తరగతి గది వస్తువుగా అలవాటు చేసిన సంస్థ ఇదేనని నేను గర్వంగా చెప్పగలను. పీయూసీ పూర్తిచేశాక ఇష్టం లేకపోతే బయటికి వచ్చి వేరే చదువులో చేరవచ్చు, ఆ ధ్రువపత్రం ఇంటర్‌తో సమానం.

ఒక్క విషయం మాత్రం ముందుగా తెలుసుకోవాలి. బీటెక్‌లో బ్రాంచి పీయూసీలో చూపిన ప్రతిభను బట్టి కేటాయిస్తారు. కంప్యూటర్ సైన్స్ అందరూ కోరుకునే బ్రాంచి కాబట్టి, చేరినంత మాత్రాన అది చేతికి వచ్చినట్టు కాదు, ఆ రెండేళ్లూ అన్ని సబ్జెక్టుల్లో నిలకడగా మార్కులు తెచ్చుకోవాలి. అయినా, విడిగా ప్రవేశ పరీక్ష రాయవలసిన ఒత్తిడి లేకుండా, గణితం, ఐటీ కలిసి చదివే అవకాశం మీ అమ్మాయిలాంటి పిల్లకు బాగా సరిపోతుందని నా అభిప్రాయం. ఇంటికి దగ్గరగా ఉండాలనుకుంటే ఒంగోలు ప్రాంగణం మీకు అందుబాటులోనే ఉంది.

బళ్లారి తెలుగు (జవాబు):

మేము బళ్లారిలో స్థిరపడిన తెలుగువాళ్లం. పోలిక కోసం కర్ణాటక పద్ధతి చెబుతాను. ఇక్కడ రాష్ట్ర బోర్డు పీయూసీలోనే ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి పీసీఎంసీ అనే గ్రూపు ఉంది. జీవశాస్త్రం కావలసినవారు పీసీఎంబీ తీసుకుంటారు. వాణిజ్య విభాగంలో కూడా కంప్యూటర్ సైన్స్ తీసుకునే వీలుంది. ఇటీవలి వరకు లాజిక్ గేట్లు, కార్నో పటాలు, సీ ప్లస్ ప్లస్ చెప్పేవాళ్లు, ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పైథాన్ పుస్తకాలు వచ్చాయి. మా అబ్బాయి పీసీఎంసీ చదివాడు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష కేసీఈటీ‌ ర్యాంకుకు ఇక్కడ కూడా ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం మార్కులనే పరిగణిస్తారు, కంప్యూటర్ సైన్స్ మార్కులు లెక్కలోకి రావు. అయినా ఏటా ఎంతోమంది ఆ గ్రూపే ఎంచుకుంటారు, వాళ్లలో ఇంజనీరింగ్ సీట్లు తెచ్చుకునేవారికి కొదవలేదు. ప్రవేశ పరీక్షలో లేని సబ్జెక్టు చదివితే ర్యాంకు పోతుందన్న భయానికి ఆధారం లేదని చెప్పడానికే ఇది రాశాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డులు కూడా ఎంపీసీ పక్కన ఇలాంటి గ్రూపు ఒకటి పెడితే ఎంత బాగుంటుందో అని మేము ఇక్కడ తరచుగా అనుకుంటూ ఉంటాం.

గుండ్లకమ్మ ఒడ్డు:

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఒంగోలు పాఠశాలకు వెళ్లి విచారిస్తాను, ఆర్జీయూకేటీకి దరఖాస్తు కూడా చేయిస్తాను. డిప్లొమా గురించి ఎవరూ రాయలేదు, దాన్ని పక్కన పెట్టవచ్చా? ఇంకొక సందేహం. ఏ కారణం చేతనైనా చివరికి ఎంపీసీ హాస్టల్లోనే చేర్పించవలసి వస్తే, అక్కడ కంప్యూటర్ ఉండదు, ఫోను అసలే ఉండనివ్వరు. అలాంటి చోట ప్రోగ్రామింగ్ ఎలా సాగుతుంది?

గుంటూరు అధ్యాపకుడు:

డిప్లొమా తక్కువ చదువు కాదు. పాలిసెట్ రాసి మూడేళ్ల కోర్సు పూర్తిచేసి, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అలా వచ్చినవాళ్లు ల్యాబ్‌లో మిగతావారి కంటే చురుగ్గా ఉంటారు. కుటుంబానికి త్వరగా ఆసరా కావలసినవారికి అది మంచి దారి. మీ అమ్మాయికి గణితం మీద మక్కువ ఉందన్నారు కాబట్టి, ఇంటర్ స్థాయి గణితం మరింత లోతుగా ఉండే మార్గాలకే నేను మొగ్గు చూపుతాను.

హాస్టల్ గురించి మీరు అడిగినదానికి ధైర్యంగా జవాబు చెబుతాను: ప్రోగ్రామింగ్‌లో అతి ముఖ్యమైన భాగానికి కంప్యూటర్ అక్కరలేదు. కొన్నేళ్ల క్రితం వరకు పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలో యూక్లిడ్ భాగహార న్యాయం ఉండేది. 48, 18ల గరిష్ఠ సామాన్య భాజకం కావాలంటే 48ని 18తో భాగిస్తే శేషం 12, 18ని 12తో భాగిస్తే శేషం 6, 12ని 6తో భాగిస్తే శేషం సున్న, కాబట్టి జవాబు 6. ఇది రెండు వేల ఏళ్లకు పైబడిన అల్గారిథమ్, ఈనాటికీ మేము మొదటి సంవత్సరంలో రాయించే ప్రోగ్రాముల్లో ఒకటి. నోటుపుస్తకంలో రెండు నిలువు గళ్లు గీసి, ఒకదానిలో భాజ్యం, రెండోదానిలో భాజకం రాస్తూ, లూపు తిరిగిన ప్రతిసారీ విలువలు ఎలా మారాయో వరుసగా నింపమనండి. దీన్నే మేము డ్రై రన్ అంటాం. ఈ పని ఓపికగా చేయగలిగిన విద్యార్థికి ఏ భాష అయినా కొద్ది వారాల్లో పట్టుబడుతుంది.

అలాగే ఐదు సంఖ్యలను బబుల్ సార్ట్ పద్ధతిలో, అంటే పక్కపక్క సంఖ్యలను పోల్చి క్రమం తప్పితే తారుమారు చేస్తూ, ఆరోహణ క్రమంలో పెట్టమనండి. పోలికలు 10 అవుతాయి. పది సంఖ్యలకు 45, నూరు సంఖ్యలకు 4950. ఎందుకలా అవుతుందో తానే సూత్రం కనుక్కుంటే, అది సంయోగాల పాఠంలోని సూత్రమేనని గుర్తిస్తుంది. క్రమంలో పెట్టిన వెయ్యి సంఖ్యల్లో ఒకదాన్ని వెతకడానికి మొదటి నుంచి చూసుకుంటూ పోతే వెయ్యి పోలికలు పట్టవచ్చు. ప్రతిసారీ మధ్య సంఖ్యతో పోల్చి సగం వదిలేస్తూ పోతే 10 పోలికలు దాటవు, పది లక్షల సంఖ్యలకైనా 20 చాలు. లాగరిథమ్ ఎందుకు చదువుతున్నామన్న ప్రశ్నకు ఇంతకన్న మంచి జవాబు నాకు తెలియదు. ఆదివారం పూట ఒక గంట ఇలాంటి లెక్క ఒకటి చేస్తే ర్యాంకుకు ఏ ముప్పూ రాదు.

నల్లబల్ల:

దీనికి నేనొక చేర్పు చేస్తాను. మన దేశంలో ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌కు పిల్లలను ఎంపిక చేయడానికి జోనల్ స్థాయిలో కాగితం, కలంతో రాసే పరీక్ష పెట్టారు. ఆ పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రోగ్రామింగ్ భాష ఒక్క ముక్క రాకపోయినా వాటిని చేయవచ్చు, ఆలోచన మాత్రం అచ్చమైన కంప్యూటర్ సైన్స్ ఆలోచన. కొన్ని అచ్చు తీయించి మీ అమ్మాయి పెట్టెలో పెట్టండి. ఒలింపియాడ్ శిక్షణ శిబిరం దాకా వెళ్లగలిగినవారికి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో (ఇది ఆర్జీయూకేటీ కాదు, వేరే సంస్థ) ప్రత్యేక ప్రవేశ మార్గం కూడా ఉంది. అది చాలా కొద్దిమందికి అందేది కాబట్టి దానిమీద ఆశ పెట్టుకోమని చెప్పను, లెక్కల్లోని ఆనందం కోసమే చేయమంటాను. చెన్నై గణిత సంస్థలో గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి బీఎస్సీ ఉంది. దాని ప్రవేశ పరీక్ష పూర్తిగా గణితమే. బీటెక్ ఒక్కటే దారి అనుకోకుండా ఈ సంగతి కూడా పిల్ల చెవిన వేయండి.

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. పైథాన్ ఉచితం, ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్ పుస్తకాలు కూడా ఉచితంగా దింపుకోవచ్చు. సంక్రాంతి, దసరా సెలవుల్లో పదకొండో తరగతి పుస్తకంలోని ఫంక్షన్లు, స్ట్రింగులు, లిస్టుల పాఠాలు పూర్తిచేస్తే, బీటెక్ మొదటి సెమిస్టర్‌లో గుంటూరు మాష్టారు చెప్పిన ఆ బెరుకు చాలావరకు ఉండదు. హాస్టల్లో కాగితం మీద రాసుకున్న ప్రోగ్రాములను ఆ సెలవుల్లో టైపు చేసి నడిపించి చూసుకోమనండి. కాగితం మీద సరిగ్గా ఉందనుకున్నది యంత్రం మీద ఎక్కడ ఆగిపోయిందో చూసుకున్నప్పుడే అసలు చదువు జరుగుతుంది.

గుండ్లకమ్మ ఒడ్డు:

ఇవాళ ఒంగోలు పాఠశాలకు ఫోను చేసి అడిగాను. ఈ సబ్జెక్టుకు వేరుగా అధ్యాపకురాలు ఉన్నారని, ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరు పిల్లలు కూర్చుంటారని చెప్పారు. అయితే తమ దగ్గర కంప్యూటర్ సైన్స్, ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ రెండూ ఉన్నాయని, రెండోది సులువని, అందులో మార్కులు బాగా వస్తాయని అన్నారు. ఏది తీసుకోమంటారు?

నల్లబల్ల:

రెండూ కలిపి తీసుకోవడానికి సీబీఎస్ఈ అనుమతించదు కాబట్టి ఒకటి ఎంచుకోక తప్పదు. ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్ సంకేత సంఖ్య 065. అందులో పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో పట్టికలను విశ్లేషించడం, గ్రాఫులు గీయడం, ఎస్‌క్యూఎల్ ప్రధానంగా ఉంటాయి. వాణిజ్యశాస్త్రం, అర్థశాస్త్రం వైపు వెళ్లే పిల్లలకు అది చక్కటి సబ్జెక్టు. మీ అమ్మాయి గణితం, కంప్యూటర్ సైన్స్ రెండింటినీ ముందుకు తీసుకువెళ్లాలనుకుంటోంది కాబట్టి 083 తీసుకోమనండి. ఫంక్షన్లు, స్టాక్, ఫైళ్లు సొంతంగా రాసి నడిపించే అవకాశం అందులోనే ఎక్కువ.

ఒక కంప్యూటర్‌కు ఇద్దరు కూర్చోవడం పెద్ద లోపం కాదు, ప్రతి పీరియడ్‌లోనూ కీబోర్డు ఇద్దరి చేతులూ మారేలా అధ్యాపకురాలు చూస్తే చాలు. చేర్పించడానికి వెళ్లినప్పుడు ఆవిడను స్వయంగా కలిసి, గత సంవత్సరం పిల్లల ప్రాజెక్టులు రెండు మూడు చూపించమని అడగండి. అన్నీ ఒకే గ్రంథాలయ నిర్వహణ ప్రోగ్రాముకు పేర్లు మార్చిన నకళ్లైతే జాగ్రత్తపడండి. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరుగా, తప్పులతోనైనా సొంతంగా ఉంటే నిశ్చింతగా చేర్పించండి. అదే రోజు అక్కడి గణితం ఉపాధ్యాయులను కూడా కలిసి మాట్లాడండి.